గేటు దాకా బస్సు ఉచితం

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కిన ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్టు తీసుకుని, రామోజీ ఫిల్మ్‌సిటీ దాకా రూపాయి ఖర్చు లేకుండా వెళ్లిపోవచ్చు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి తెలంగాణలో ఇదే పద్ధతి. రావిర్యాల వైపు వెళ్లే సిటీ బస్సులోనూ అంతే. బస్సు దిగాకే అసలు ఖర్చు మొదలవుతుంది. ఫిల్మ్‌సిటీ అయినా, అవుటర్ రింగ్‌రోడ్డు పక్కన రావిర్యాలలో ఉన్న వండర్‌లా పార్కు అయినా, మామూలు రోజున పెద్దవాళ్ల టికెట్టు వెయ్యి రూపాయల పైమాటే.

లెక్క తేలిగ్గా ఉండటానికి తలకి వెయ్యే అనుకుందాం. నలుగురికి నాలుగు వేలు. 2025-26లో ఉపాధి హామీ కూలి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకి 307 రూపాయలు. అంటే 13 రోజుల కూలి కౌంటరు దగ్గరే అయిపోతుంది. పిల్లలకి తక్కువ పడుతుంది కదా అంటారేమో. వండర్‌లాలో పిల్లల వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. 140 సెంటీమీటర్లు దాటితే పెద్ద టికెట్టే. ఏడో తరగతి పిల్లాడు కాస్త ఏపుగా పెరిగాడంటే ఇంటి బడ్జెట్టుకి చిల్లు పడినట్టే.

లోపలికి వెళ్లాక ఇంకో జాబితా ఉంటుంది. బయటి తిండి తేకూడదు. నీళ్లలో దిగాలంటే నూలు బట్టలు పనికిరావు, నైలాన్ దుస్తులే వేసుకోవాలి. లేనివాళ్లు అక్కడే కొనుక్కోవాలి. సెల్‌ఫోన్లు, పర్సులు దాచుకోవడానికి లాకరు అద్దె కట్టాలి. ఏ వాటర్‌పార్కుకి వెళ్లినా ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. అమ్మో అమ్మమ్మో చీరకట్టులో ఒడ్డున కూర్చుని, అందరి చెప్పులకీ సంచులకీ కాపలా కాస్తుంటుంది. ఆమె రైడ్ ఎక్కదు, నీళ్లలో దిగదు. టికెట్టు మాత్రం ఆమెకీ కొన్నారు. వయసు పైబడిన వాళ్లకి రాయితీ ఇచ్చినా కాపలా కాసినందుకు డబ్బు కట్టడం తప్పదు.

పార్కుల ధరల మీద ఎన్ని ఫిర్యాదులున్నా, నాకు అసలు చిక్కు ఈ ఒడ్డు మీదే కనిపిస్తుంది. వెయ్యి ఎక్కువా తక్కువా అన్నది ఎవరి జేబుని బట్టి వాళ్లు చెప్పే మాట. కొండాపూర్‌లో రెండు సాఫ్ట్‌వేర్ జీతాలున్న ఇంటికి అదొక ఆదివారపు ఖర్చు. తుక్కుగూడలో తాపీ పని చేసుకునే ఇంటికి అది ఏడాదికోసారి కూడా ఆలోచించాల్సిన మొత్తం. ఇద్దరూ పార్కున్న నగరం వాళ్లే. ఇద్దరికీ అక్కడ దొరికే సరుకు మాత్రం ఒక్కటే: పొద్దున్నించి పొద్దుగూకే దాకా, అన్ని రైడ్లతో కలిపి, ఒక పూర్తి రోజు. వరంగల్ నుంచో కర్నూలు నుంచో బండి కట్టుకుని వచ్చిన వాళ్లకి అది న్యాయమైన బేరమే. ఎలాగూ ఇంత దూరం వచ్చారు, అన్నీ ఎక్కి, అన్నీ చూసి పోతారు. పక్క ఊళ్లో ఉన్నవాడికి రోజంతా అక్కర్లేదు. సాయంత్రం ఓ రెండు గంటలు పిల్లల్ని తిప్పి, జెయింట్ వీల్ ఒకటి ఎక్కించి, రాత్రి అన్నానికి ఇంటికి చేరితే చాలు. ఆ రెండు గంటలు విడిగా కొనుక్కునే దారి మామూలు రోజుల్లో ఉండదు.

నాంపల్లి లెక్క వేరు

ఆ రెండు గంటల సరదాని హైదరాబాద్ ఎనభై ఏళ్లకి పైగా అమ్ముతూనే ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు స్థానిక వస్తువుల ప్రదర్శనగా పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన నుమాయిష్, తర్వాత నాంపల్లి మైదానానికి మారి, ఏటా జనవరి మొదట్లో తలుపులు తీస్తుంది. గేటు దగ్గర కట్టేది ఇప్పటికీ వంద రూపాయల లోపే. లోపల ఏది కావాలంటే దానికి విడిగా డబ్బివ్వాలి. ఎక్కాలనుకున్నవాడు ఎక్కుతాడు, లేనివాడు నడుస్తాడు. మిర్చిబజ్జీ తిని, కశ్మీరీ శాలువాల బేరమాడి, కొనకుండా వచ్చేసినా అడిగేవాడు లేడు. ఒడ్డున కూర్చునే అమ్మమ్మ అక్కడ గేటు డబ్బులతోనే సరిపెట్టుకుంటుంది.

మన జాతరలూ తిరునాళ్లూ ఎప్పుడూ ఇలాగే నడిచాయి. రంగులరాట్నానికి ఇంత, బావిలో మోటారు సైకిల్ తొక్కేవాణ్ని చూడటానికి ఇంత. జాతరకి మాత్రం గేటు లేదు.

చవకకీ ఒక ఖరీదుందని ఒప్పుకోవాలి. 2025 జనవరిలో నుమాయిష్‌లోనే ఒక రైడ్ మధ్యలో మొరాయించి, ఎక్కినవాళ్లు కొంతసేపు తలకిందులుగా వేలాడారు. ఊరూరా విప్పుకుంటూ, బిగించుకుంటూ తిరిగే యంత్రాలకీ, ఒకేచోట స్థిరంగా ఉండి రోజూ తనిఖీ జరిగే యంత్రాలకీ తేడా ఉంటుంది. ఆ తనిఖీకి, కరెంటుకి, నీటి శుద్ధికి, పదుల ఎకరాల భూమికి డబ్బవుతుంది. పరీక్షల నెలల్లోనూ వానల్లోనూ జనం పలచబడ్డా సిబ్బంది జీతాలు ఆగవు. కాబట్టి పార్కు యజమానులు దోచుకుంటున్నారని ఒక్కమాటలో తేల్చేయడం నాకిష్టం లేదు. వండర్‌లా సంస్థ 2000లో కొచ్చిలో వీగాల్యాండ్ పేరుతో మొదలై, 2005లో బెంగళూరు చేరి, 2016లో మన రావిర్యాలకి వచ్చింది. దిగుమతి ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని రైడ్లు సొంతంగానే తయారు చేసుకుంటుంది కూడా. అలా తగ్గించుకున్నాక కూడా టికెట్టు వెయ్యి పైనే ఉందంటే, ఊరి బయట పెద్ద పార్కు నడపడం ఎంత ఖర్చో ఊహించుకోవచ్చు.

ఊరి నడుమ నడిపే పార్కుల కష్టం ఇంకో రకం. ఢిల్లీలో ప్రగతి మైదాన్ దగ్గర 1984లో తెరిచిన అప్పూఘర్ ఒక తరం మధ్యతరగతి పిల్లలందరికీ తెలుసు. ఆ స్థలం సుప్రీంకోర్టు అవసరాలకి పోవడంతో 2008లో మూతపడింది. నగరం మధ్యలో భూమి ఎప్పుడూ పార్కు కంటే విలువైన దేనికో ఒకదానికి కావాల్సి వస్తుంది.

డిస్నీ తిరిగిన మలుపు

పార్కుల లోకానికి పెద్దన్న అయిన డిస్నీల్యాండ్ కూడా ఒకప్పుడు నుమాయిష్ బాణీలోనే నడిచిందంటే నమ్మబుద్ధి కాదు. 1955 జూలైలో కాలిఫోర్నియాలోని అనహైమ్ పట్టణంలో అది తెరిచినప్పుడు పెద్దవాళ్లకి గేటు టికెట్టు ఒక డాలరు. రైడ్లకి విడిగా సెంట్లలో చెల్లించేవాళ్లు. ఆ అక్టోబరులోనే గేటుతో కలిపి ఎనిమిది రైడ్ల కూపన్ల పుస్తకం రెండున్నర డాలర్లకి ఇచ్చారు. అప్పటి డాలరుకి ఇప్పటి విలువ కడితే పన్నెండు రెట్లు వేసుకోవాలి. అంటే పుస్తకం ఖరీదు నేటి లెక్కలో 30 డాలర్లు. 1982లో కూపన్లు తీసేసి ఒకే టికెట్టు పెట్టారు. ఇప్పుడు అదే పార్కులో ఒక రోజుకి అన్నిటికన్నా చవక టికెట్టు 104 డాలర్లు. రద్దీ రోజున 200 దాటుతుంది.

అక్కడి స్థానికుల సంగతి మరీ ఆసక్తికరం. పార్కు పక్కనే కాపురముంటూ, రాత్రిపూట అక్కడి బాణసంచా వెలుగుల్ని వాకిట్లోంచే చూసే కుటుంబాల్లో చాలామంది ఆ పార్కులోనే పనిచేస్తారు. 2018లో ఆక్సిడెంటల్ కాలేజీ వాళ్లు కార్మిక సంఘాల కోసం చేసిన సర్వేలో, సమాధానమిచ్చిన డిస్నీల్యాండ్ ఉద్యోగుల్లో 73 శాతం మంది జీతంతో కనీస అవసరాలు తీరడం లేదన్నారు. పదిమందిలో ఒకరు అంతకు ముందు రెండేళ్లలో ఏదో ఒక దశలో నిలువ నీడ లేక గడిపారు. ఆ ఏడాదే నగర ఓటర్లు, ప్రభుత్వ రాయితీలు పొందే రిసార్టులు ఇంత కనీస వేతనం ఇవ్వాల్సిందేనని ఓటేశారు. అది మాకు వర్తించదని డిస్నీ కోర్టుల్లో ఓడేదాకా వాదించి, చివరికి 2024లో 23.3 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది.

అక్కడి స్థానికుడు ఇన్నాళ్లూ వార్షిక పాసుతో నెట్టుకొచ్చాడు. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా పార్కుకి వెళ్లి, ఓ రైడ్ ఎక్కి ఇంటికి పోయే అలవాటు ఆ పాసుతోనే సాధ్యమైంది. 2021 జనవరిలో ఆ పాసుల్ని ఎత్తేశారు. ఆగస్టులో మ్యాజిక్ కీ అని కొత్తవి తెచ్చారు కానీ, వాటిలో చవక రకానికి సెలవు రోజుల్లో ప్రవేశం ఉండదు. ముందుగా తేదీ ఖాయం చేసుకోవాలి. దక్షిణ కాలిఫోర్నియా వాసులకి రాయితీ టికెట్లు కూడా ఇస్తారు, ముఖ్యంగా ఏడాది మొదట్లో, జనం పలచగా ఉండే రోజులకి.

ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లోనూ స్థానికులకి ఇలాంటి టికెట్లున్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకి ఈ మెలిక బాగా తెలుసు. కొడుకూ కోడలూ ఫ్లోరిడా చిరునామా చూపించి తక్కువకి వెళ్తారు. ఆరు నెలలు ఉండటానికి గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలకి పూర్తి ధర. అమెరికా వచ్చి డిస్నీ చూడకుండా పోవడమా అని ఆ ధర పెట్టే తీరతారు. పార్కుకీ కావలసింది అదే. జన్మకోసారి వచ్చేవాడు ధర చూసి వెనక్కి తిరగడు. రోజూ గేటు ముందు నుంచి వెళ్లేవాడు తిరుగుతాడు. అందుకే వాడికి ఇచ్చే రాయితీ, మిగిలిన కుర్చీలు నింపుకోవడానికి ఇచ్చే రాయితీలా ఉంటుంది.

మన పార్కుల్లోనూ తగ్గింపులన్నీ మామూలు పనిదినాల్లోనే. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు, ఆదివారాలు ఖరీదు. మంగళవారం చవక. మంగళవారం పిల్లలకి బడి, తండ్రికి పని. కూలి మానుకుని వెళ్తే తగ్గింపులో మిగిలింది కూలిలో పోతుంది. కాలేజీ కుర్రాళ్లకి మాత్రం ఇది కలిసొస్తుంది. గుర్తింపు కార్డు రాయితీ కూడా వాళ్లకే కాబట్టి, పనిదినాల్లో పార్కుల్లో వాళ్లదే రాజ్యం.

ఇంతా కట్టి లోపలికి వెళ్లినా అందరూ ఒక్కటి కాదు. ఇంకొంత పోస్తే క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు ఉంటుంది. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి అలవాటుపడ్డ మనం దీన్ని వింతగా చూడం. కానీ అప్పు చేసి వచ్చినవాడు ఎండలో గంటసేపు నిలబడి, పక్క దారిలో నడిచి వెళ్లేవాళ్లని చూస్తూ ఉండటం సరదా కోసం పెట్టిన ఖర్చులో భాగమైతే, ఆ ఖర్చు మీద కాస్త బాధ కలుగుతుంది.

పన్నుకి కనపడని చిన్న టికెట్టు

టికెట్టు మీద ప్రభుత్వం వాటా ఎంతో చాలామంది చూసుకోరు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు వినోద పార్కుల్ని కేసినోలతో పాటు 28 శాతం గూట్లో పెట్టారు. గగ్గోలు పుట్టాక 2018 జనవరి 25 నుంచి 18కి దించారు. వెయ్యి రూపాయల టికెట్టు మీద 180 రూపాయలు పన్ను. నలుగురికి 720. ఉపాధి హామీ లెక్కలో రెండు రోజుల కూలి కంటే ఎక్కువ.

ఇదే చట్టం వేరేచోట చిన్న టికెట్టుని గుర్తుపట్టింది. సర్కస్, నాటకం, ప్లానెటేరియం టికెట్టు 500 లోపు ఉంటే పన్ను లేదు. జూపార్కు ప్రవేశానికి అసలు పన్నే లేదు. అందుకే బహదూర్‌పురా జూలో 2025 మార్చిలో రేట్లు పెంచాక కూడా పెద్దలకి 100, పిల్లలకి 50తో పని జరుగుతోంది. సినిమా టికెట్టు వందలోపైతే ఒక రేటు, దాటితే ఇంకో రేటు. వినోద పార్కుకి మాత్రం ఈ మెట్లు లేవు. 300 టికెట్టుకీ 18 శాతమే, 3,000 టికెట్టుకీ 18 శాతమే.

సినిమా టికెట్టు ధర మీద మనకున్న శ్రద్ధ జగమెరిగినది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమా టికెట్ల ధరలు తగ్గిస్తూ జీవో ఇస్తే, మరుసటి ఏడాది కొత్త జీవో వచ్చేదాకా రాష్ట్రమంతా అదే చర్చ. పెద్ద హీరోల సినిమాకి అదనపు రేటు అనుమతిస్తే తెలంగాణలో కోర్టుకెళ్లేవాళ్లున్నారు. పార్కు టికెట్టు ఏడాదికెంత పెరిగిందని శాసనసభలోనో టీవీ చర్చలోనో అడిగినవాళ్లని నేను చూడలేదు. సినిమా అందరిదీ, పార్కు ఉన్నవాళ్లదీ అని మనమే ఒప్పేసుకున్నట్టుంది.

పాత బాణీ నడవదన్న వాదన కూడా పూర్తిగా నిలవదు. కోపెన్‌హేగన్ నగరం నడిబొడ్డున, రైల్వేస్టేషను ఎదురుగా ఉన్న టివోలీ గార్డెన్స్‌ని 1843లో తెరిచారు. వాల్ట్ డిస్నీ తన పార్కు కట్టడానికి ముందు చూసి ముచ్చటపడిన చోట్లలో అదొకటి. అక్కడ ఈ రోజుకీ లోపలికి వెళ్లడానికి ఒక టికెట్టు, రైడ్లకి వేరే టికెట్టు. అన్నీ ఎక్కేవాడికి కలిపి పాసు కూడా ఉంది. పూలమొక్కల మధ్య నడిచి, కచేరీ విని, కాఫీ తాగి పోయే ఊరివాళ్లు రైడ్ల డబ్బు కట్టనక్కర్లేదు. డెన్మార్క్ ధరలు మనకి అందేవి కావు కానీ, పద్ధతి అందుతుంది.

మన పార్కులు కూడా పండగ సీజన్లలో సాయంత్రపు ప్యాకేజీల లాంటివి అప్పుడప్పుడూ ప్రయత్నిస్తూనే ఉన్నాయి. దాన్ని ఏడాది పొడవునా పెట్టడానికి వాళ్లకిప్పుడు కారణం లేదు. సాయంత్రం నాలుగింటి తర్వాత తక్కువకి రానిస్తే, పొద్దున పూర్తి ధర కట్టేవాళ్లలో కొందరు అటు జారతారన్న భయం సహజం. సర్కస్‌కి ఇచ్చిన 500 గీతనే పార్కు గేటు దగ్గరా గీస్తే ఈ లెక్క కొంత మారుతుంది. 490 రూపాయల సాయంత్రపు టికెట్టులో ఇప్పుడు పన్ను పోగా పార్కుకి మిగిలేది 415. పన్ను లేకపోతే మొత్తం 490 వాళ్లదే. ఆ 75 రూపాయలు పెద్ద మొత్తం కాదు. కానీ తుక్కుగూడ నుంచి వచ్చే నలుగురి మీద 300 అవుతుంది, ఆ నలుగురూ ఇప్పుడు అసలు రావడమే లేదు. రేట్లు ఖరారు చేసే జీఎస్టీ కౌన్సిల్లో రెండు తెలుగు రాష్ట్రాలకీ చెరో కుర్చీ ఉంది.