సిగ్నల్ ఉన్నా ఫోన్ ఎందుకు కలవదు?



హైదరాబాద్‌లో మాదాపూర్ దగ్గర హైటెక్ సిటీ ఉంది. అక్కడి సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. తర్వాత చుట్టూ పెద్ద పెద్ద ఆఫీసులు వచ్చాయి. అక్కడ ఇంజనీర్లు ఉన్నారు. ఊడ్చి తుడిచే ఆడవాళ్లు, వంటవాళ్లు, కాపలావాళ్లు కూడా ఉన్నారు. సాయంత్రం అందరూ ఒక్కసారే బయటికి వస్తారు. అందరి చేతిలో సెల్లు ఉంటుంది. ఇంటికి ఫోన్ చేస్తే ఒక్కోసారి కలవదు. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా ఉంటాయి. ఎందుకని?

సెల్లుకు తీగ లేదు. మన మాట రేడియో తరంగాల మీద టవర్‌కు పోతుంది. ఈ తరంగాలు ప్రజలందరి ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం వీటిని వేలం వేసి కంపెనీలకు ఇస్తుంది. ఒక్కో కంపెనీకి దొరికేది కొంతే.

చెరువులో నీళ్లు తక్కువైతే ఏం చేస్తాం? పొలాలకు వంతులు పెట్టుకుంటాం. టవర్ కూడా అంతే. 2జీ పద్ధతిలో ఒక తరంగాల కాలువను 8 వంతులు చేస్తారు. సెకనులో 200 సార్లకు పైగా వంతు తిరిగి వస్తుంది. అందుకే మాట తెగినట్టు మనకు తెలియదు. 4జీ, 5జీలో పంపకం తీరు వేరు. కానీ తరంగాలకు అక్కడా హద్దు ఉంది. వంతులన్నీ నిండితే కొత్త ఫోన్ ఆగాల్సిందే.

మరి గీతలు? బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. లోపల కాలు పెట్టే చోటు లేదు. గీతలు బస్సు వచ్చిందని చెప్తాయి. చోటు ఉందని చెప్పవు.

దీనికి ఒక ఉపాయం ఉంది. ఊరిని చిన్న చిన్న భాగాలు చేస్తారు. ఒక్కో భాగాన్ని సెల్ అంటారు. అందుకే దీనికి సెల్‌ఫోన్ అని పేరు. ఒక సెల్‌లో వాడిన తరంగాలనే దూరంగా ఉన్న ఇంకో సెల్‌లో మళ్లీ వాడొచ్చు. జనం ఎక్కువున్న చోట సెల్‌లు చిన్నవిగా, టవర్లు దగ్గరగా పెడతారు.

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చి 20న మెట్రో రైలు మొదలైంది. రైల్లో మాట్లాడుతూ పోతుంటే టవర్లు మారుతాయి. నీళ్ల బిందెను చేతికి చేయి అందించినట్టు, ఒక టవర్ మన మాటను ముందు టవర్‌కు అందిస్తుంది. అక్కడ ఖాళీ లేకపోతే మాట తెగిపోవచ్చు.

ఫోన్ కలవకపోతే ఏం చేయాలి?

కొంచెం ఆగి మళ్లీ చేయండి. గుంపు నుంచి నాలుగు అడుగులు పక్కకు నడవండి. ఇంకో టవర్ దొరకొచ్చు.

మెసేజ్ రాయండి. "బయలుదేరాను. ఆలస్యమవుతుంది." ఈ రెండు మాటలు చాలు. మెసేజ్‌కు చాలా తక్కువ చోటు చాలు. మాట పోని చోట ఒక్కోసారి అక్షరం పోతుంది.

ఆపద వస్తే 112కు చేయండి. మీ కంపెనీ టవర్ అందకపోతే, అందుబాటులో ఉన్న వేరే కంపెనీ టవర్ ద్వారా కలిపేందుకు ఫోన్ చూస్తుంది. ఆడపిల్లలకు కూడా ఈ నంబరు నేర్పండి.

ఇప్పుడు మీ సెల్లు తీయండి. మీ ఇంటివాళ్లకు ఒక మెసేజ్ మీరే రాసి పంపండి.