కూలింగ్ టవర్ ఎందుకు తప్పదు? ఉష్ణగతికశాస్త్రం చెప్పే లెక్క

విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్లు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. వాటి పైనుంచి లేచే తెల్లని మేఘాన్ని చాలామంది పొగ అనుకుంటారు. నిజానికి అవి ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నని నీటి తుంపరలు. బొగ్గు పొగ పోయేది పొడవాటి చిమ్నీ గుండా. టవర్ పని వేడిని గాలిలోకి వదలడమే. బొగ్గు మండించి సంపాదించిన వేడిలో దాదాపు సగాన్ని ఇలా ఎందుకు వదులుకోవాలి? ఉష్ణగతికశాస్త్రంలోని రెండు మూల సూత్రాలు తెలిస్తే జవాబు దొరుకుతుంది.

మొదటి సూత్రం: జమాఖర్చులు

శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం. రూపం మాత్రమే మార్చగలం. అందుకే ఇంజనీర్లు ముందుగా యంత్రం చుట్టూ ఒక ఊహా సరిహద్దు గీస్తారు. లోపలిది ‘వ్యవస్థ’, బయటిది ‘పరిసరాలు’. సరిహద్దు దాటి వచ్చే శక్తికి, పోయే శక్తికి లెక్క సరిపోవాలి. ఉదాహరణకు, 36 శాతం దక్షతతో నడిచే 500 మెగావాట్ల యూనిట్‌కు బొగ్గు నుంచి సుమారు 1,390 మెగావాట్ల వేడి అందాలి. మిగిలిన 890 మెగావాట్లు మాయం కావు. కొంత చిమ్నీ గుండా, ఎక్కువ భాగం కండెన్సర్‌లోని చల్లని నీటి ద్వారా బయటకు పోతాయి.

రెండో సూత్రం: తప్పని వదులుబాటు

ఆ వేడిని కూడా విద్యుత్తుగా మార్చడానికి మొదటి సూత్రం అడ్డుచెప్పదు. అడ్డుచెప్పేది రెండోది. ఎంత మంచి ఉష్ణ యంత్రానికైనా దక్షతలో ఒక హద్దు ఉంటుందని, అది రెండు ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుందని ఫ్రెంచ్ ఇంజనీర్ సాదీ కార్నో 1824లో చూపించాడు. దీనికి కారణమైన రాశికి జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ 1865లో ‘ఎంట్రోపీ’ అని పేరు పెట్టాడు.

యంత్రంలోకి వచ్చే వేడి తనతో ఎంట్రోపీని తెస్తుంది. వేడిని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే దాని విలువ వస్తుంది. టర్బైన్ చేసే పని ఎంట్రోపీని బయటకు మోసుకుపోదు. యంత్రం పదే పదే తిరగాలంటే లోపల ఎంట్రోపీ పేరుకుపోకూడదు. కాబట్టి కొంత వేడితో పాటు దాన్ని బయటకు పంపక తప్పదు. వదిలే చోటు ఎంత చల్లగా ఉంటే అంత తక్కువ వేడితో ఆ పని పూర్తవుతుంది. కండెన్సర్, కూలింగ్ టవర్ల అవసరం ఇదే.

ఆవిరి 540 డిగ్రీల సెల్సియస్ (813 కెల్విన్), కండెన్సర్ 40 డిగ్రీలు (313 కెల్విన్) అనుకుందాం. 313ను 813తో భాగిస్తే 0.385. అంటే 100 భాగాల వేడిలో కనీసం 38.5 భాగాలు వదలాల్సిందే. గరిష్ఠ దక్షత 61.5 శాతం. వాస్తవంలో ఘర్షణ ఉంటుంది, చిమ్నీ కొంత వేడిని తీసుకుపోతుంది. పైగా నీరు వేడిని తీసుకోవడం మొదలుపెట్టేది 540 డిగ్రీల వద్ద కాదు, అంతకంటే ఎంతో తక్కువ ఉష్ణోగ్రత వద్ద. అందుకే దక్షత ఇంకా పడిపోతుంది.

వేడి పెంచితే బొగ్గు ఆదా

చుట్టూ ఉన్న గాలిని, నీటిని చల్లబరచడం మన చేతిలో లేదు. ఆవిరి ఉష్ణోగ్రతను, పీడనాన్ని పెంచడం మాత్రం ఉంది. 374 డిగ్రీలు, సుమారు 221 బార్ల పీడనం దాటితే నీటికి, ఆవిరికి తేడా ఉండదు. ఆ స్థితిలో నడిచేవే సూపర్ క్రిటికల్ కేంద్రాలు. మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్‌లో 2019లో మొదలైన దేశపు తొలి అల్ట్రా సూపర్ క్రిటికల్ కేంద్రాన్ని సుమారు 600 డిగ్రీల ఆవిరితో, 41.5 శాతం దక్షతకు రూపొందించారు. రామగుండంలో 2023లో జాతికి అంకితం చేసిన 800 మెగావాట్ల యూనిట్ కూడా ఈ కోవలోదే.

దక్షత 36 నుంచి 41.5 శాతానికి పెరిగితే, అంతే విద్యుత్తుకు కావలసిన బొగ్గు సుమారు 13 శాతం తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా అదే మేరకు తగ్గుతుంది. అయితే ఆ వేడికి, పీడనానికి ఏళ్ల తరబడి తట్టుకునే లోహాలు కావాలి. కూలింగ్ టవర్ నుంచి పోయే వేడిలో ప్రకృతి విధించిన వాటా ఎంత, మన యంత్రాల లోపం వల్ల పోతున్నది ఎంత అని విడదీసి చూపేది ఉష్ణగతికశాస్త్రమే. మొదటిదాన్ని ఎవరూ తప్పించలేరు. ఇంజనీర్ల కృషి అంతా రెండోదాన్ని తగ్గించడం మీదే.