నాచు పరచిన ఆలయం

జపానులోని క్యోటో నగరం వేయి సంవత్సరాలకు పైగా ఆ దేశపు రాజధానిగా వెలసిల్లింది. అక్కడి బౌద్ధాలయాలకు యాత్రికులు ముఖ్యంగా ప్రశాంతతను కోరి వెళతారు. కాని వేలమంది ఒక్కసారిగా చూడవస్తే ప్రశాంతత అక్కడ నిలువదు. ఈ చిక్కును ఒక ఆలయం ఏ విధంగా విడదీసుకున్నదో విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నగరానికి పడమట, కొండ పాదాన ఉన్న ఆ ఆలయం పేరు సైహోజీ. జనం దానిని 'కొకెదెరా' అంటారు, అనగా నాచు గుడి. క్రీ.శ. 731లో గ్యోకి అనే భిక్షువు స్థాపించాడని ప్రతీతి. శిథిలమైన దానిని 1339లో ముసో సొసెకి అనే జెన్ గురువు పునరుద్ధరించాడు. జెన్ అన్నది మన 'ధ్యాన' శబ్దమే. చీనా మీదుగా ప్రయాణించి ఆ రూపం దాల్చింది. తోట రెండు అంచెలు. పైన, నీటిచుక్క లేకుండా రాళ్ళతోనే జలపాతాన్ని స్ఫురింపజేసిన అమరిక. క్రింద, 'హృదయం' అనే అర్థమిచ్చే లిపిచిహ్నం ఆకారంలో ఒక కొలను, చుట్టూ చెట్ల నీడ.

విచిత్రమేమంటే, నాచు ముసో నాటినది కాదు. తరువాతి శతాబ్దాలలో ఆలనాపాలనా కరువైన రోజులలో తడి నేలపై తానే ప్రాకింది. నేడు అక్కడ సుమారు 120 రకాల నాచు కలదు. మనం బావిగట్టున నాచు పడితే గీకి పారవేస్తాం. అక్కడ దానికి దెబ్బ తగలకుండా రాలిన ఆకులను ఊడ్చే తోటమాలులున్నారు.

1928లో సామాన్య జనులకు ప్రవేశం లభించింది. కాలక్రమాన బస్సులు, కోలాహలం పెరిగాయి. నాచుకు నిజమైన వేళ్ళు లేవు. ఆకులతోనే తేమను గ్రహిస్తుంది. కనుక పాదాల క్రింద నలిగితే త్వరగా కోలుకోదు. చుట్టుపట్ల కాపురమున్నవారికీ ఆ రద్దీ బాధాకరమైంది. చివరకు 1977లో ఆలయం స్వేచ్ఛాప్రవేశాన్ని నిలిపివేసింది. నాటి నుండి ముందుగా జవాబు కార్డు వ్రాసి అనుమతి పొందినవారికే ప్రవేశం. ఇటీవల కంప్యూటరు ద్వారా కూడా దరఖాస్తు పంపవచ్చు. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేరిన తరువాత కూడా ఆ నియమం సడలలేదు.

రుసుము ఇతర ఆలయాలకంటె చాలా ఎక్కువ. పేద విద్యార్థికి ఇది అడ్డుగోడే. ఆ ఏర్పాటు నాకు రుచించదు. రెండవ నియమం మాత్రం మెచ్చదగినది. వచ్చినవారు నేరుగా తోటలోకి పోరాదు. ముందు మందిరంలో కూర్చుని, కాగితంపై లేతగా ముద్రించిన బౌద్ధసూత్రపు అక్షరాలను కుంచెతో దిద్దాలి. ఆ లిపి తెలియని విదేశీయులు సైతం దిద్దుతారు. మనలో ఉర్దూ ఖుష్‌ఖతీ అభ్యసించినవారు దీని ఆంతర్యాన్ని సులభంగా గ్రహిస్తారు. కలం నిదానించిన కొద్దీ శ్వాస కూడా నిదానిస్తుంది. తొందరపడితే గీత చెడుతుంది.

దిద్దిన కాగితంపై తమ పేరు, ఒక కోరిక వ్రాసి అక్కడే సమర్పించి యాత్రికులు తోటలోకి దిగుతారు. అప్పటికి మాటలు వాటంతటవే తగ్గి ఉంటాయి.