ఆగకుండానే ఎక్కించుకునే బండి

కాలేజీ టైమ్‌కి సిటీ బస్సెక్కేవాళ్లకు ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. స్టాపులో బస్సు పూర్తిగా ఆగదు, కాస్త నెమ్మదిస్తుందంతే. నాలుగడుగులు పరుగెత్తి, రాడ్ పట్టుకుని ఫుట్‌బోర్డు మీదికి ఎక్కేస్తారు. ప్రమాదమే, చేయకూడదు. కానీ అందులో ఓ ఇంజినీరింగ్ సూత్రం ఉంది: మన వేగం, బండి వేగం ఒకటైతే బండి ఆగాల్సిన పని లేదు.

దీని మీద బుర్రపెట్టినవాళ్లు వందేళ్ల కిందటే ఉన్నారు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో దాదాపు మూడున్నర కిలోమీటర్ల కదిలే కాలిబాట వేశారు. ఒక వరస మనిషి నడక వేగంతో, దాని పక్క వరస రెట్టింపు వేగంతో కదిలేవి. ముందు నెమ్మదిదాని మీద అడుగు, తర్వాత రెండోదాని మీద.

ఇంకా ముచ్చటైనది లండన్ వెంబ్లీలో 1924లో నడిపిన ‘నెవర్ స్టాప్ రైల్వే’. బోగీల్లో డ్రైవర్ లేడు, ఇంజిన్ లేదు. ట్రాక్ పొడవునా ఓ స్క్రూ తిరుగుతూ ఉంటుంది. స్టేషన్ దగ్గర దాని చుట్లు దగ్గరదగ్గరగా, స్టేషన్ దాటాక దూరదూరంగా ఉంటాయి. స్క్రూ ఒకే వేగంతో తిరుగుతున్నా, చుట్లు దగ్గరైనచోట బోగీ మెల్లగా జరుగుతుంది, దూరమైనచోట పరుగెడుతుంది. ‘పిచ్’ అనే మాటను బట్టీపట్టి పరీక్ష రాసిన మెకానికల్ వాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మర్నాడు ఎగ్జిబిషన్ అయిపోయినట్టే, 1925 తర్వాత దాన్నీ విప్పేశారు.

మరి ఇవన్నీ ఊళ్లలోకి ఎందుకు రాలేదు? జవాబు పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్లో దొరుకుతుంది. 2002లో అక్కడ గంటకు 12 కిలోమీటర్ల వేగంతో కదిలే బాట పెట్టారు. జనం పడిపోవడంతో వేగాన్ని 9కి తగ్గించారు, చివరికి తీసేశారు. మోటారుది తప్పు కాదు. నెమ్మది నుంచి వేగానికి మారే ఆ కొద్ది అడుగుల దగ్గరే చిక్కంతా. చేతిలో సూట్‌కేసున్న మనిషి, కర్రతో నడిచే తాత అక్కడ ఏం చేస్తారన్నదే అసలు డిజైన్ సమస్య.

బొలీవియా పాలనా రాజధాని లా పాజ్ దీనికో దారి చూపింది. అక్కడ 2014 నుంచి రోప్‌వేలే సిటీ బస్సుల్లా తిరుగుతున్నాయి. తాడు వేగం తగ్గదు. స్టేషన్లోకి రాగానే క్యాబిన్ తాడును వదిలేసి, నత్తనడకన జరుగుతూ జనాన్ని ఎక్కించుకుని, మళ్లీ తాడును పట్టుకుంటుంది. మోంపర్నాస్‌లో మనిషి చేయాల్సివచ్చిన పనిని ఇక్కడ యంత్రమే చేస్తోంది.

మన దేశంలోనూ కదలిక ఉంది. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో రోప్‌వేల కోసం ‘పర్వతమాల’ ప్రకటించారు. వారణాసిలో కంటోన్మెంట్ స్టేషన్ నుంచి గోదౌలియా దాకా సిటీ రోప్‌వేకు 2023లో శంకుస్థాపన జరిగింది. ఒక్క రోప్‌వేనే నమ్ముకుని కెరియర్ ప్లాన్ చేసుకోమనడం లేదు, అన్ని ఉద్యోగాలు అందులో లేవు. కానీ టవర్ల పునాదులకు సివిల్, గ్రిప్‌లకు మెకానికల్, డ్రైవ్‌లకు ఎలక్ట్రికల్, జనం రద్దీ లెక్కలకు ప్లానింగ్ వాళ్లు కావాలి. మెట్రోకూ కావాల్సింది వీళ్లే. సివిల్ వాళ్లయితే గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్‌కు ప్రయత్నించవచ్చు.

ఫైనలియర్ ప్రాజెక్టుకు టాపిక్ వెతుక్కుంటున్నారా? మీ ఊరి బస్టాండులో ఓ గంట నిలబడండి. ఒక్కో బస్సు ఎన్ని సెకన్లు ఆగుతోంది, అందులో ఎక్కడానికి, దిగడానికి, చిల్లరకు ఎంత పోతోందో రాసుకోండి. స్టాప్‌వాచ్ ఫోన్లోనే ఉంది.