ఆరితేనే ధర పలికే ద్రాక్ష

మిరపకాయ ఎండితేనే ధర. ద్రాక్షకూ అదే లెక్క నడిచే ఊళ్లు ఇటలీలో ఉన్నాయి. వెరోనా నగరానికి దగ్గరలోని వాల్పొలిచెల్లా కొండ ప్రాంత రైతులు, కోసిన గుత్తులను వెంటనే పిండరు. గాలి ఆడే కొట్టాల్లో మూడు నాలుగు నెలలు నీడన ఆరబెడతారు. దాదాపు మూడో వంతు బరువు తరిగిపోతుంది. తేమ తగిలి బూజు పట్టిందా, ఏడాది కష్టం నేలపాలే!

ఆరిన పండ్లలోని తీపి పులిసి 'అమరోనె' అనే ఘాటైన ఎర్ర వైన్ అవుతుంది. ఇందులో ఆల్కహాలు 14 శాతానికి తగ్గరాదు. కనీసం రెండేళ్లు మాగాలి. చప్పటి వంటకాలు దీని ముందు నిలవవు. సన్నని సెగపై గంటల తరబడి ఉడికిన మాంసం, ఏళ్లు నిల్వ ఉంచిన గట్టి చీజ్, ఈ వైన్ పోసి వండిన అన్నం దీనికి సరిజోడు. అక్కడ వైన్లకిచ్చే అత్యున్నత హోదా 2010లో దీనికి దక్కింది. తరిగిన బరువుకు సీసా ధరే పరిహారం.