ఒక్క మెగాబైటులో ఇరుకు కాపురం

సోనాఫ్ బేసిక్ అనే చౌక వైఫై స్విచ్చు తొలి రకం మూత తీస్తే లోపల ఆశ్చర్యపడేంత సరంజామా ఏమీ కనిపించదు. ఒక రిలే, ఒక ఎల్‌ఈడీ, ఒక బటన్, ఇంటి కరెంటును 3.3 వోల్టులకు దించే సర్క్యూట్, షాంఘై సంస్థ ఎస్ప్రెసిఫ్ రూపొందించిన ఈఎస్‌పీ8266 చిప్పు, దానికి తోడుగా 1 మెగాబైటు ఫ్లాష్ మెమరీ. అంతే. కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాంతో మొదట్లో హాల్లో కూర్చుని హాల్లో లైటు వేసినా, ఆ ఆదేశం ఎక్కడో ఉన్న సర్వరు దాకా వెళ్లి మళ్లీ అదే ఇంటికి రావలసి వచ్చేది. నెదర్లాండ్స్‌కు చెందిన థియో అరెండ్స్ మొదలుపెట్టిన టాస్మోటా అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఆ ప్రయాణాన్ని ఇంటి గోడల మధ్యకు కుదించేసింది.

పాత ప్రోగ్రాంను ఖాళీ చేయించే దారి స్విచ్చులోనే ఉంది. ఈఎస్‌పీ8266కు విద్యుత్తు అందగానే అది తన సున్నా నంబరు పిన్నును చూసుకుంటుంది. ఆ పిన్ను గ్రౌండుకు తగిలి ఉంటే పాత ప్రోగ్రాం జోలికి పోకుండా, సీరియల్ తీగ మీద కొత్తది వస్తుందేమోనని ఎదురుచూస్తుంది. సోనాఫ్‌లో ఆ పిన్నును కలిపింది రోజూ లైటు వేసే బటన్‌కే! కావాలని కలిపారో, పిన్నులు చాలక కలిపారో గానీ, బటన్ నొక్కిపట్టి 3.3 వోల్టులు ఇస్తే తలుపు తెరుచుకున్నట్టే. నాలుగు తీగలు చాలు. ఆ సమయంలో 230 వోల్టుల లైను మాత్రం తగిలించి ఉండకూడదు. అది ప్రాణాల మీదికి వచ్చే పని.

అసలు చమత్కారం ఆ తర్వాతి అప్‌డేట్లలో ఉంది. స్విచ్చును గోడలో బిగించేశాక మళ్లీ తీగలు ఎవరు పెడతారు? కొత్త ఫర్మ్‌వేర్ వైఫై మీదుగానే రావాలి. నడుస్తున్న ప్రోగ్రాం తనను తాను చెరుపుకోలేదు కాబట్టి, వచ్చినదాన్ని ముందు ఫ్లాష్‌లోని ఖాళీ జాగాలో దాస్తుంది. రీస్టార్ట్ అయినా చెరగని ఒక చిన్న మెమరీలో ‘దీన్ని మొదట్లోకి మార్చు’ అన్న సూచన వదిలి ఆగిపోతుంది. ఈబూట్ అనే బుల్లి ప్రోగ్రాం లేచి ఆ సూచన చదివి, కొత్తదాన్ని పాతదాని మీద అచ్చుగుద్దుతుంది.

చిక్కల్లా లెక్క దగ్గరే. పూర్తి టాస్మోటా 600 కిలోబైట్లకు పైనే ఉంటుంది. ఉన్న చోటేమో 1024. రెండు ప్రతులు పట్టవు. ఇరుకు గదిలోకి కొత్త మంచం రావాలంటే ముందు పాతది బయటపెట్టి, ఆ పూటకు చాప మీద పడుకోవాలి కదా. టాస్మోటా మినిమల్ ఆ చాప. వైఫైకి తగులుకోవడం, అప్‌డేట్ అందుకోవడం తప్ప మిగతా హంగులు దాదాపు అన్నీ దాంట్లోంచి పీకేశారు. ముందు అది దిగుతుంది, అది తెరిచిన జాగాలోకి కొత్త పూర్తి ప్రతి దిగుతుంది. వైఫై పాస్‌వర్డు వగైరా సెట్టింగులు ఫ్లాష్ చివర్న విడిగా ఉంటాయి గనక ఈ సందడిలో చెదిరిపోవు. పైగా ఫ్లాష్ త్వరగా అరిగిపోకుండా వాటిని ప్రతిసారీ ఒకేచోట రాయకుండా చోట్లు మారుస్తుంటారు. డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోయినా పాత ప్రతి క్షేమం. ఈబూట్ అచ్చుగుద్దే ఆ కొద్ది క్షణాల్లో పోతే మాత్రం గోడ విప్పి, తీగలు వెతుక్కోవలసిందే. కోతల వేళలు తెలిసిన ఊళ్లో ఉండటం ఒక సౌకర్యమే మరి.

ఇంట్లోని మిగతా పరికరాలతో స్విచ్చు మాట్లాడే భాష, అంటే ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతి కూడా, పొదుపులోంచి పుట్టిందే. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ చమురు పైపులైన్లను శాటిలైట్ లింకు మీద గమనించడానికి దాన్ని తయారుచేశారు. సందేశం శీర్షిక 2 బైట్లతోనే సరిపెట్టుకోగలదు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు మీద, సందేశాలను అందుకుని పంచే మస్కిటో అనే బ్రోకరు ప్రోగ్రాం నడిస్తే స్విచ్చుకు అంతకన్నా పెద్ద దర్బారు అక్కర్లేదు. కనెక్ట్ అయ్యేటప్పుడే స్విచ్చు తన ఆఖరి సందేశం బ్రోకరు దగ్గర దాచుకుంటుంది. చెప్పాపెట్టకుండా మాయమైతే బ్రోకరే దాన్ని అందరికీ చాటుతుంది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. పౌలస్ స్కౌట్సెన్ 2013లో మొదలుపెట్టిన హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి నియంత్రణ ప్రోగ్రాం ఈ స్విచ్చులన్నిటికీ పెద్దదిక్కయింది. ఒట్టో వింటర్ తెచ్చిన ఈఎస్‌పీహోమ్, వైఏఎంఎల్ అనే సెట్టింగుల భాషలో కొన్ని వరుసలు రాస్తే చాలు, ఫర్మ్‌వేర్ తానే అల్లిపెట్టింది. కొందరు తయారీదారులు ఎస్ప్రెసిఫ్‌ను వదిలి వేరే చిప్పులకు మారారు. ఔత్సాహికులు వాటి వెంటా పడ్డారు. ఎస్ప్రెసిఫ్ తర్వాతి చిప్పు ఈఎస్‌పీ32 వచ్చాక 4 మెగాబైట్ల ఫ్లాష్ మామూలైంది, ఇరుకు తీరిందనుకున్నారు. హంగులు పెరిగి అదీ నిండింది. దాంతో టాస్మోటా అందులో సేఫ్‌బూట్ అనే చిన్న ఫర్మ్‌వేర్‌కు శాశ్వతంగా ఒక వాటా కేటాయించి, మిగతా జాగాలో చాలా భాగాన్ని ఒకే పెద్ద ప్రతికి ఇచ్చేసింది.