ముఖం చూపకుండా కథ చెప్పాలంటే..

వారమంతా కోడింగ్, వీకెండ్‌లో యానిమేషన్.. ఇదీ నా లైఫ్! ఇప్పుడు బాలలపై లైంగిక వేధింపుల గురించి ఫ్రెండ్స్ తీస్తున్న డాక్యుమెంటరీకి గ్రాఫిక్స్ చేస్తున్నా. ‘ముఖం బ్లర్ చేస్తే సరిపోదా?’ అని అడుగుతుంటారు. సరిపోదు. 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టు అనుమతి లేకుండా పేరు, ఫొటోనే కాదు.. ఇల్లు, బడి, కుటుంబ వివరాలూ మీడియాలో రాకూడదు. అందుకే బొమ్మల్లో యూనిఫాం రంగు మార్చా. వీధి ఆనవాళ్లు తీసేశా. జరిగిన ఘోరాన్ని అసలు గీయలేదు. మూసిన తలుపు, గుమ్మంలో చిన్న చెప్పులు.. అంతే. 2021లో వచ్చిన డానిష్ డాక్యుమెంటరీ ‘ఫ్లీ’ కూడా ఓ అఫ్గాన్ శరణార్థి కథను పేరు మార్చి, యానిమేషన్‌లోనే చెప్పింది. మూడు విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు అందుకుంది. మీరూ ఇలాంటి రీల్ చేస్తున్నారా? పోస్ట్ చేసేముందు ఒక్కటే చూసుకోండి.. పక్కింటివాళ్లు ఆ పాపను గుర్తుపట్టేస్తారా?